పూలగదిలో మామిడి గంపలు

బసవమ్మకు ఒక మనిషి మీద నమ్మకం కుదరాలంటే ముందు ఆ మనిషి ఆమె కళ్ళలోకి చూడాలి. బాగలూరు దగ్గరి గులాబీ తోటలో కోతమనిషిగా చేరి, పూలు ఏరే షెడ్డుకు మేస్త్రీ అయిందాకా అందరినీ ఆ చూపుతోనే తూచింది. పెళ్ళిచూపుల్లో మొగుణ్ణి కూడా అలా చూసే ఒప్పుకున్నానని ఆడవాళ్ళను నవ్వించేది. ఆ మొగుడు జూజువాడిలో లారీ ఎక్కి మళ్ళీ రాని సంగతి మాత్రం ఎత్తేది కాదు.

అలాంటి ఆమె దగ్గరికి మదనపల్లె వైపు నుంచి ఉపేంద్ర పనికొచ్చాడు. ముప్పయ్యేళ్ళవాడు. పలకరిస్తే నేల చూస్తాడు, లేదంటే గోడ చూస్తాడు. అందరూ కబుర్లాడుతూ పూలకట్టలు కడుతుంటే, చెవుల్లో దూది పెట్టుకుని అటు తిరిగి నిలబడతాడు. పనిలో మాత్రం వంక లేదు. ఆ వంక లేకపోవడమే బసవమ్మకు పెద్ద వంకయింది.

"కండ్లు దాచేవాడు ఇంకేమేమి దాస్తా ఉండాడో" అని పక్కబల్ల తమిళ్‌సెల్వి చెవిలో వేసింది. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు.

ఎండాకాలం వస్తే కృష్ణగిరి మండీ నుంచి బసవమ్మ తమ్ముడు మామిడిపళ్ళు పంపుతాడు. కుళ్ళకుండా వాటిని పూలుంచే కోల్డు రూములో పెట్టి, షెడ్డు ఆడవాళ్ళకు పంచడం ఆమెకు ఏటా ముచ్చట. ఆ రోజుల్లో పూలు తొందరగా వాడితే ఎండదే తప్పనుకునేవాళ్ళు. ఈసారి గంపలు పొద్దుటికల్లా బయట కనిపించాయి. లోపల పెట్టిస్తే మళ్ళీ బయటే. తలుపు చాటున కాపు కాసింది. గంప ఎత్తుకుని వస్తున్నది ఉపేంద్రే.

"దొరికినావు! పండ్లు యాడికి మోస్తా ఉండావప్పా?"

"బయటికక్కా. ఈ వాసన పూల వాసనలో కలిస్తే నాకు తల తిరగతాది. గంపలొచ్చినప్పట్నుంచి పూలు గూడా రాలతా ఉండాయి" అన్నాడు నేలకేసి చూస్తూ.

ఆమెకు ఆ నేలచూపే కనిపించింది. గంపలో పళ్ళు తగ్గాయో లేదో కూడా చూడకుండా, యజమాని జనార్ధనరావుకు దొంగని చెప్పి అతణ్ణి ఎరువు కుప్పల దగ్గరికి తోలించింది. ఆ కంపుకు పని మానుకుని పోతాడని తెలిసే తోలించింది.

ఇక గంపలు లోపలే నిలిచాయి. ఆ వారంలోనే పెళ్ళిమంటపానికి పంపిన పూలన్నీ పెట్టెల్లోనే విచ్చి, రాలిపోయి తిరిగొచ్చాయి. జనార్ధనరావు వచ్చి కోల్డు రూము తలుపు తీశాడు.

"మాగే పళ్ళ ఆవిరి తగిలితే పూలు నిలుస్తాయా? ఇంతమందిలో ఒక్క ముక్కూ పనిచేయలేదా? ఎవరు పెట్టారివి? ఆ ఉపేంద్రేనా?"

బసవమ్మ ఔనంటే చాలు, మేస్త్రీ పని నిలుస్తుంది. ఆ ఒక్క ముక్కునూ తనే ఎరువు కుప్పలకు తోలిందని ఆమెకప్పుడు తెలిసింది, సిగ్గేసింది. ఆడవాళ్ళంతా ఆమె కళ్ళలోకే చూస్తున్నారు. తల దించుకుని, నేల చూస్తూ, "నేనే పెట్టినాను సార్. ఆయప్ప తీసి బయట పెడతా ఉంటే దొంగన్నాను" అంది.

మేస్త్రీ పని ఆ పూటే పోయింది. నేరుగా ఎరువు కుప్పల దగ్గరికి నడిచింది. ఉపేంద్ర ఊరికి పోవడానికి సంచి సర్దుకుంటున్నాడు.

"షెడ్డుకు రాప్పా. సారు రమ్మన్నాడు. పూలు చెడతాయని నాకు గట్టిగా ఎందుకు చెప్పలేదప్పా?"

"చెప్పినానక్కా" అన్నాడు సంచికేసి చూస్తూ. "నువ్వు నా కండ్లు వెదకతా ఉంటివి. మాట విన్లేదు."