టేకు పలకల మీద అలుకు

ఆ రోజుల్లో ఇల్లంటే మాకు మట్టి నేలే. వారం వారం పెండతో అలికి ముగ్గు పెట్టకపోతే అది ఇల్లు కాదు, కొట్టం. అలాంటి చొప్పదండి ఇంట్లో పుట్టిన నన్ను, పెళ్ళి చేసి ఆదిలాబాద్ అడవుల్లో ఓ టేకు చెక్కల మేడ మీద పడేశారు. మా ఆయన అటవీశాఖలో గుమాస్తా. కింద రేంజర్ సాబు ఆఫీసు, పైన మా కాపురం, మధ్యలో పలకల నేల. (ఆ పలకల సందుల్లోంచి రేంజర్ సాబు చుట్ట పొగ పైకి, నా పోపు ఘాటు కిందికి ధారాళంగా రాకపోకలు సాగించేవి.) నీళ్ళు పోస్తే పలకలు ఉబ్బుతాయని, తడిబట్ట గట్టిగా పిండి తుడవాలని, అప్పుడప్పుడు అవిసె నూనె రాసి పొడిబట్టతో రుద్దాలని నేర్చుకున్నాను. నేలలో నా ముఖం కనిపించేదాకా రుద్ది, చూసుకుని మురిసిపోయేదాన్ని.

మా నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేదాన్ని. బాపు పోయిన ఏడు అవ్వ ఒంటిదైంది. నాకు అన్నదమ్ములు లేరు. నా దగ్గరికి తెచ్చుకున్నాను, ఇక తిరిగి పంపకూడదని నా పట్టుదల. ఆమె మాత్రం వచ్చిన దగ్గర్నుంచి నేల వంక అనుమానంగానే చూసేది. "గిదేం నేలనే బిడ్డా? అలుకద్దంటవు, ముగ్గెయ్యద్దంటవు. ఇగ నాకీడ పనేమున్నది?" అనేది. నూనెబట్ట చేతికిచ్చాను. కసిదీరా ఎంత నూనె పట్టించిందంటే, మా ఆయన గడపలో కాలు పెట్టి నేరుగా వంటింట్లో తేలాడు. "అత్తమ్మా, నేను నడిచి రావాల్నా, జారి రావాల్నా?" అన్నాడు లేస్తూ. బాపు పోయాక అవ్వ నవ్వడం అదే మొదలు. ఇక ఉండిపోతుందనుకున్నాను.

ఓ పొద్దున నేను వాగు నుంచి నీళ్ళు తెచ్చేసరికి, రేంజర్ సాబు నెత్తి తుడుచుకుంటూ బయట నిలబడ్డాడు. "ఏమమ్మా, పైన బర్రెను కట్టేసిండ్రా?" అన్నాడు. పైకి పరిగెత్తాను. ఎక్కడినుంచి తెచ్చిందో, గంపెడు పెండ కలిపి అవ్వ నేలంతా పచ్చగా అలికేసింది. సందుల్లోంచి పెండనీళ్ళు బొట్లుబొట్లుగా ఆఫీసు బల్ల మీదికి దిగుతున్నాయి. "అవ్వా, ఏం జేసినవే! నేల ఖరాబు గాదా?" అని అరిచాను.

అవ్వ తలెత్తలేదు. "ఇయ్యాల మీ బాపు మాసికం బిడ్డా. అలుకని ఇంట్లకు ఆయన వస్తడా? వచ్చినా ఏడ కూసుంటడు?" అంది.

రేంజర్ సాబు మంచివాడు. సంగతి విని, "పోనీయమ్మా, ఫికర్ చెయ్యకు" అని కాగితాలు ఎండలో ఆరేసుకున్నాడు. అవ్వ మనసే నిలవలేదు. మరుసటి మాసికానికి ముందే మూట కట్టింది. "నీ నేల మంచిదే బిడ్డా. గని మీ బాపుకు గా ఇల్లే ఎరుక" అంది. ఎంత బతిమాలినా ఆగలేదు. బస్సెక్కించి వచ్చి, నిగనిగలాడే ఆ నేల మీద పడి ఏడ్చాను. అంత దుఃఖంలోనూ కన్నీళ్ళు పడ్డ చోటల్లా కొంగుతో గబగబా తుడిచాను (పలకలు ఉబ్బుతాయి కదా).

ఆ వానాకాలంలోనే అవ్వా పోయింది. ఆమె మొదటి మాసికం నాడు కిందికి పోయి, "సాబ్, జర మీ కుర్చీ పక్కకు జరుపుకోండ్రి" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. కాగితాలన్నీ తీసుకుని వరండాలోకి పోయాడు. అన్నాళ్ళు అద్దంలా రుద్దిన పలకల మీద నా చేతులతోనే పెండ అలికి, మెట్ల వంక చూస్తూ కూర్చున్నాను. మోచేతుల దాకా పెండతో కూర్చున్న ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అవ్వకు దారి కనబడదేమోనని, పట్టపగలే మెట్ల మీద దీపం కూడా పెట్టింది మరి.