ఆఫీసర్ వచ్చిన రోజు పులిహోర

మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

అమెరికాలోని ఎడిసన్‌లో మా పై అపార్ట్‌మెంట్ అక్కయ్యగారు, పక్షవాతం వచ్చిన భర్తను ఏళ్ల తరబడి ఒంటరిగా ఎత్తి దించి నడుం పోగొట్టుకున్నారు. ఇలాంటివాళ్లకు కౌంటీవాళ్లు, అంటే ఇక్కడి జిల్లా ప్రభుత్వంవాళ్లు, వారానికి కొన్ని గంటలు ఆయాను పంపుతారని తెలిసి, బతిమాలి అప్లై చేయించాను.

పరిస్థితి చూడటానికి కౌంటీ ఆఫీసర్ వచ్చింది. ఇంటికి మనిషి వస్తోందని అక్కయ్యగారు ఇల్లంతా తుడిచి, పులిహోర కలిపి, ఆయనకు గడ్డం గీసి, ఈగ వాలితే జారిపడేంత నున్నగా ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగారు.

ఆఫీసర్ ఇంగ్లీషులో అడిగింది, నేను తెలుగులో చెప్పాను: “ఆయన్ని ఎత్తడం కష్టంగా ఉందా అంటోంది.”

“మాకేం ఇబ్బంది లేదని చెప్పు తమ్ముడూ.”

“అక్కయ్యా, ఆ నడుం సంగతి చెప్పండి!”

“ఛీ, ఇంటికొచ్చినావిడ ముందు ఏడుపులేంటి? ముందు ఆవిణ్ణి తినమను.”

ఆఫీసర్ తిని, మెచ్చుకుని, ఈ ఇంటికి సాయం అక్కర్లేదని రాసుకుని వెళ్లింది. ఆ నెలలోనే ఆయన్ని ఎత్తబోయి అక్కయ్యగారు బాత్రూంలో పడ్డారు. సంగతి తెలిసి ఆఫీసర్ పరుగున వచ్చింది, మర్నాటినుంచే ఆయాను పంపింది.

ఆఫీసర్ మళ్లీ రావడం, ఆయాను పంపడం నేను కల్పించాను. నిజానికి అక్కయ్యగారి తుంటి విరిగింది. ఆలుమగలిద్దరినీ మంచాన పడ్డవాళ్లను ఉంచేసే చెరొక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు.