ఉత్త తొక్కలు ఎవరన్న పట్టిస్తరా?

పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి ఫెయిలైనవాళ్లను మీరు చూసే ఉంటారు. గుప్పుమని పరిమళాలు వెదజల్లుతూ ఫెయిలవబోయినవాణ్ణి మాత్రం నన్నొక్కణ్ణే చూస్తున్నారు. కుర్చీ గట్టిగా పట్టుకుని చదవండి.

అప్పట్లో నేను సికింద్రాబాదులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వెలగబెడుతున్నాను. ఫ్యాక్టరీ మురుగునీటిలోని రాగి, సీసం లాంటి లోహాలను బత్తాయి తొక్కల పొడితో లాగేయడం నా ప్రాజెక్టు. స్నేహితులు దాన్ని ‘తొక్కలో ప్రాజెక్టు’ అనేవాళ్లు. కాదనడానికీ లేదు కదా! రాంగోపాల్‌పేట్ జ్యూసు బండ్ల దగ్గర తొక్కలు ఏరుకొచ్చి, కడిగి, అద్దె ఇంటి డాబా మీద వారంపాటు ఎండబెట్టాను.

“గివన్నీ ఎందుకు దేవదానం?” అని ఇంటావిడ రత్నమ్మ ఆంటీ అడగనే అడిగింది.

“సైన్సు ఆంటీ. చెప్పినా మీకు అర్థం కాదులెండి,” అన్నాను, అప్పటికే నా విగ్రహానికి చోటు వెతుకుతున్నవాడిలా.

పరీక్ష ముందురోజు ఆంటీ పిండి గిర్నీకి బయల్దేరింది. నాకు బద్ధకం. తొక్కల సంచి ఆవిడ చేతిలో పెట్టి, “మెత్తగా పట్టించండి” అని ముసుగుతన్నాను. పొద్దున్నే ఆవిడిచ్చిన డబ్బా మూత కూడా తీయకుండా కాలేజీకి పరుగెత్తాను. తొక్క ఎండబెట్టనేల, పరువు ఆరబెట్టనేల!

ఎగ్జామినర్ మేడమ్ నవ్వగా చూసినవాళ్లు లేరు. ఆవిడ తల అడ్డంగా ఊపిందంటే నాకు ఏడాది పోయినట్టే.

“చూడండి మేడమ్, ఈ రాగి నీళ్ల నీలం మాయమవుతుంది!” అని పొడి కుమ్మరించి గిలకొట్టాను.

నీలం మాయమైన మాట నిజమే. ఆకుపచ్చ వచ్చింది! పైగా పెసరట్టు పిండిలా చిక్కబడింది. వడపోత కాగితంలో పోస్తే చుక్క దిగలేదు. ల్యాబంతా గులాబీలూ కచ్చూరాలూ ఘుమఘుమ.

మేడమ్ చిటికెడు పొడి తీసి చేతిమీద రుద్దుకుంది.

“ఇది సున్నిపిండి కదయ్యా?”

“కాదు మేడమ్, లోహాలను...”

“పసుపు కూడా పడింది. వారం టైమిస్తున్నా, ఉత్త తొక్కల పొడి తీసుకురా.”

నేను డబ్బా అందుకోబోతే, “అది ఇక్కడే ఉండనీ,” అంది.

ఇంటికెళ్లి ఇల్లు పీకి పందిరేశాను. “నా పొడిలో ఏం కలిపారు ఆంటీ?”

“ఉత్త తొక్కలు ఎవరన్న పట్టిస్తరా? నవ్వరూ? పెసలు, పసుపు, కచ్చూరాలు, గులాబి రేకులు సుత మా ఇంట్లయే ఏసిన. వారం సంది ఎండబెడుతుంటే, పిల్లను చూడపోతున్నవేమో అనుకున్న. జెర ముందే చెప్తే నీ సొమ్మేం పోయేది బిడ్డా?”

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కూర్చుని ప్రాజెక్టంతా వివరించాను. ఆవిడకు పది నిమిషాల్లో అర్థమైపోయింది.

వారం తర్వాత ఉత్త తొక్కల పొడితో నీలం నిజంగానే వెలిసిపోయింది. మేడమ్ అడిగిన ప్రతిదానికీ టకటకా జవాబు చెప్పాను. ఆఖరికి ఆవిడ పెన్ను మూతపెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

“ఆ మొదటి డబ్బాలో పెసలకు కచ్చూరాలు ఏపాటి?”

వైవా మొత్తంలో నేను నీళ్లు నమిలింది ఆ ఒక్క ప్రశ్నకే!

కాబట్టి పాఠక మహాశయులారా, కుడిచెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ ఆంటీతోనూ ‘మీకు అర్థం కాదులెండి’ అనను. ఒకవేళ నోరుజారి అన్నా, ఆవిడిచ్చిన డబ్బా మూత తీసి వాసన చూడందే గడప దాటను.