నూనె పట్టించిన ఈత

ఆ రోజుల్లో నాకు రాని పని ఉండేది కాదు. ఎవరేమడిగినా ముందు "వచ్చండి" అనేసి, అదేమిటో తరవాత కనుక్కోవడం నా పద్ధతి. కువైట్‌కి వచ్చిన కొత్తలో, తొంభైల చివర్లో, అమ్ఘరాలోని ఒక కాంట్రాక్టరు యార్డులో ఇనప గొట్టాలకు కాపలా ఉండేవాణ్ణి. ఎండాకాలంలో గొట్టం ముట్టుకుంటే చెయ్యి కాలేది, జనవరిలో కొంకర్లు పోయేది. అలాంటి సమయంలో అహ్మదిలోని మా ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీ అయింది. అది ఎవరికివ్వాలో తేల్చేవారు మా ఇంజనీరు గారు. హైదరాబాదు మనిషి, యాభై దాటాయి, నడుం నొప్పి. ఒకరోజు యార్డుకొచ్చి, "నీది కోనసీమ గదా, ఈత వస్తదా?" అన్నారు. "అయ్యబాబోయ్, అదేం మాటండీ! కాలవలోనే పెరిగామండి" అన్నాను. (నిజానికి మా అమ్మమ్మ నన్ను కాలవ గట్టు కూడా ఎక్కనివ్వలేదు. నూతి దగ్గర చెంబుతో పోసుకోవడం ఒక్కటే నాకు తెలిసిన జలవిద్య.) "డాక్టరు ఈత కొట్టమన్నడు. శుక్రవారం పోదాం, నువ్వే నేర్పాలె. ఆఫీసు సంగతి గూడ ఆడ్నే మాట్లాడుకుందం" అన్నారాయన.

ఆ వారమంతా గదిలో మంచం మీద బోర్లా పడుకుని కాళ్ళూ చేతులూ ఆడించాను. మంచం మునగలేదు కాబట్టి కాస్త ధైర్యం వచ్చింది. శుక్రవారం ఆయన కారులో ఒక ఇండోర్ ఈతకొలనుకి వెళ్ళాం. బయట ఎడారి గాలి చెవులు కోసేస్తోంది, లోపల అడుగు పెడితే వైశాఖమాసం. అద్దాల కప్పు కింద వెచ్చటి నీళ్ళు, పోసిన ఇసక, చుట్టూ ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు. కోనసీమవాడికి టిక్కెట్టు పెట్టి మరీ కొబ్బరిచెట్లు చూపిస్తున్నారు! తెగులు లేదు, కాయల దింపు లేదు, గెలకి మూడే కాయలు, మూడూ ఒకే సైజు. మా పెదనాన్న చూసుంటే ఆ చెట్టు పెట్టినవాణ్ణి వదిలేవాడు కాదు. నేను నవ్వబోతూ గోడ మీద రాసిన లోతు చూశాను. నా ఎత్తు కంటే జానెడు ఎక్కువ.

ఎలాగోలా ఆలస్యం చెయ్యాలి. సంచిలో కొబ్బరినూనె సీసా ఉంది. (చలికాలంలో నూనె పట్టించకుండా స్నానం చెయ్యకూడదని అమ్మమ్మ శాసనం.) "ఒంటికి నూనె రాయకుండా మేం నీళ్ళలో దిగమండి. నరాలు పట్టేస్తాయండి" అన్నాను. ఆయన బుద్ధిగా బల్ల మీద కూర్చున్నారు. ముప్పావుగంట మర్దనా చేశాను. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేసి ఎరగను. సీసా అయిపోయింది, సాకులూ అయిపోయాయి. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని మెట్లు దిగాం. మోకాళ్ళ దాకా వెళ్ళేసరికి మా చుట్టూ రంగురంగుల తెట్టు తేలింది. ఈల మోగింది. మలయాళీ కాపలాదారు పరిగెత్తుకొచ్చి, "క్యా హై యే? తేల్? బాహర్ భాయ్, ఖలాస్!" అంటూ మమ్మల్ని నీళ్ళలోంచి బయటికి తోలేశాడు. చమురు మీద బతికే దేశంలో మా ఒంటి మీది పావులీటరు నేరమైపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ ఊపిరి మాత్రం అప్పుడే ఆడింది. కుర్చీ పోయిందనే అనుకున్నాను. తిరిగొస్తూ ఆయన ఫహాహీల్‌లో కారు ఆపారు. అక్కడ టీ ఇప్పించి, "రేపటి సంది అహ్మదికి రా" అన్నారు.

పదేళ్ళ తరవాత ఆయన ఉద్యోగం విరమించి వెళ్ళిపోతుంటే సామాను కట్టడానికి వెళ్ళాను. మనసు ఆగలేదు. "సార్, నాకు ఈత రాదండి" అన్నాను.

"ఆ దినమే ఎరుక. ఈత వచ్చినోడు సీసా అయిపోయేదాంక నూనె రాస్తడా?"

"మరి కుర్చీ ఎందుకిచ్చారండీ?"

"చిన్నప్పటి సంది నీళ్ళంటే నాకు గుండెదడ. డాక్టరు పొమ్మన్నడు, ఇంట్ల పొమ్మన్నరు. ముప్పావుగంట నన్ను ఒడ్డు మీద కూసోబెట్టినోడివి నువ్వొక్కడివే."

మొన్న నా నడుం చూసిన డాక్టరు, ఈత వచ్చా అని అడిగాడు. "వచ్చండి" అన్న మాట నోటిదాకా వచ్చింది. "రాదండి" అన్నాను. అన్నాక, అన్నీ వచ్చన్న ఆ కుర్రవాడి మీద ఎందుకో బెంగ పుట్టింది. ఇంటికొచ్చి ఒంటికి నూనె పట్టించి, నాలుగు చెంబులు నీళ్ళు పోసుకున్నాను.