అమ్మ చెప్పగా నేను రాసిన చీటీ

మా అమ్మ బైబిలు చదువుతుంది. అచ్చు అక్షరాలైతే వేలు పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎన్నిసార్లు చదివిందో. చేతిరాత మాత్రం చదవడమూ రాదు, రాయడమూ రాదు. అందుకే మూడో తరగతి నుంచీ ఆమె ప్రార్థన మనవులన్నీ నేనే రాశాను.

ప్రతి శుక్రవారం ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాలకు ఉపవాస ప్రార్థనకు పోయేవాళ్లం. మందిరం గుమ్మం దగ్గర ఒక రేకు డబ్బా ఉండేది. ఎవరికి ఏ బాధ ఉన్నా చీటీ మీద రాసి అందులో వేయాలి. మధ్యాహ్నం అయ్యగారు, అంటే మా పాస్టరు, వాటిని మైకులో ఒక్కొక్కటే చదువుతాడు. ప్రతిదానికీ జనమంతా ఆమెన్ అంటారు. అవ్వ మోకాళ్లు, చిన్నాన్న తాగుడు, ఈనలేక అవస్థ పడుతున్న బర్రె, అన్నీ నా అక్షరాల్లోనే దేవుడి దగ్గరికి పోయాయి. బర్రె ఈనింది. చిన్నాన్న మాత్రం ఇప్పటికీ తాగుతున్నాడు.

నాయన రాయొచ్చు కదా అంటారేమో. మా నాయన రాళ్లు చెక్కే మనిషి. కాగితం పని ఆడవాళ్లదీ పిల్లలదీ అని ఆయన లెక్క. ఆళ్లగడ్డలో ఆ పనివాళ్లు దేవుళ్ల విగ్రహాలు చెక్కి బతుకుతుంటే, ఆయన విగ్రహం ముట్టనని పట్టుబట్టి సమాధి రాళ్లే చెక్కేవాడు. చచ్చినవాళ్ల పుణ్యాన మేం తిన్నాం. ఇంట్లో టీవీ లేదు, సినిమా లేదు, పండగకు పక్కింటివాళ్లు పంపే భక్ష్యాలు కూడా లేవు, విగ్రహానికి పెట్టినవని. గిన్నె గడప దగ్గరి నుంచే తిరిగి పోయేది. ఆ భక్ష్యాల మీద కోపం నాకు ఇంకా పోలేదు.

నాకు మగపిల్లలే నచ్చుతారని పదో తరగతికే తెలుసు. దాన్ని ఏమంటారో తెలియదు. మందిరంలో వినిపించే మాట ఒక్కటే, అసహ్యము అని. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవాణ్ణి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడిలా దొరికిపోకూడదు కదా.

నంద్యాలలో డిగ్రీ చివరి ఏడాదిలో నా ఫోను నాయన చేతిలో పడింది. నాతోపాటు చదివే ఒకతనూ నేనూ రాసుకున్న మాటలన్నీ ఆయన చదివాడు. రాతి మీద అక్షరాలు దిద్దే మనిషి, ఒక్క ముక్క కూడా వదల్లేదు. కొట్టలేదు. కొడితే బాగుండేది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసి, నా గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు, నా ముందరే. అన్నం పెడుతున్న అమ్మతో, "వానికి దయ్యం పట్టింది. అది వదిలేదాకా వాడు నా కొడుకు కాదు" అన్నాడు.

ఆ ఒకతను ఫోను ఎత్తడం మానేశాడు. తిట్టుకోవడానికి నాకు మనసు రాలేదు. వాడింట్లోనూ ఒక నాయన ఉంటాడు.

ఇక మిగిలింది అమ్మ. ఏడ్చింది, అయ్యగారు ప్రార్థించి ఇచ్చిన నూనె నా తలకు రాసింది, మూడు శుక్రవారాలు నన్ను పస్తుంచింది. ఆమె ఒక్కతే "నువ్వు నా కొడుకువేరా" అంటే చాలు, మిగతాదంతా ఓర్చుకుంటాను అనుకున్నాను. ఆ ఒక్క మాట కోసం ఆమె వెనకాలే తిరిగాను. అనలేదు.

నాలుగో శుక్రవారం మందిరం మెట్ల మీద కూర్చుని, సంచిలోంచి తెల్లకాగితం తీసి నాకే ఇచ్చింది. రాసిచ్చేవాళ్లు ఇంకెవరున్నారు ఆమెకు.

"రాయి నాయనా. నా కొడుకును అపవిత్రాత్మ పట్టింది, విడుదల కావాల. పేరు పెట్టొద్దు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాది."

ఆమె గొంతులో కోపం లేదు. బర్రె గురించి చెప్పినప్పుడూ ఇట్లాగే చెప్పింది. అందుకే నాకు ఒళ్లు మండింది. నన్ను వెలివేసే కాగితం నా చేతనే రాయిస్తూ, గొలుసుకట్టు వద్దు, అయ్యగారికి తెలిసేలా గుండ్రంగా రాయమంటోంది. గుండ్రంగానే రాశాను. ఒక తల్లి తన కొడుకును ఉన్నవాణ్ణి ఉన్నట్టు ప్రేమించలేకపోతోంది, ఆమె మనసు మారేలా ప్రార్థించండి అని. మడిచి చేతికిచ్చాను. ఆమె దాన్ని గుండెకు ఆనించుకుని డబ్బాలో వేసింది.

మధ్యాహ్నం మైకులో ఆ చీటీ వంతు వచ్చింది. అయ్యగారు చదివి, ఎవరో ఆ తల్లి, ఎంత రాతిగుండెదో అని తన మాట కూడా ఒకటి కలిపాడు. ఆడవాళ్ల వైపు నుంచి అందరికంటే గట్టిగా వినబడిన ఆమెన్ మా అమ్మది. ముసుగు ముందుకు లాక్కుని, ముక్కూ మొహం తెలియని ఆ తల్లి కోసం వెక్కి వెక్కి ఏడ్చింది.

తిరుగు బస్సులో శిరివెళ్ల దాటాక అడిగింది, మన చీటీ చదివినారా, నాకు వినబడలేదే అని. చదివినారు, నువ్వు ఏడుస్తా ఉంటివి అన్నాను. నమ్మింది. "ఆ తల్లి యాడుందో గాని, పాపం. కన్న కొడుకును ప్రేమించలేకపోతే అదేం బతుకు రా" అంది.

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. చెబితే ఆమె బస్సులోనే కూలిపోతుందని భయపడ్డానని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది అబద్ధం. చెప్పినా ఆమె ఏమీ మారకపోతే నాకు ఇంకేం మిగలదని భయపడ్డాను.

ఇప్పుడు నంద్యాలలో విత్తనాల కొట్టులో పనిచేస్తూ అద్దె గదిలో ఉంటున్నాను. నాయన గడప తొక్కనీయడు. ఆయన పనికి పోయాక అమ్మ ఫోన్ చేస్తుంది. చీటీలు పోయాయి. మందిరానికి వాట్సాప్ గ్రూపు ఉంది, బొత్తాం నొక్కి తన మనవి తానే చెప్పుకుంటుంది. నా విడుదల కోసం ఆమె అడుక్కోవడం వారం వారం అందరూ వింటారు. నా చేయి అడ్డం పెట్టడానికి ఇప్పుడు కాగితం కూడా లేదు.

పోయిన వారం, తిన్నావా, మందిరానికి పోయినావా అన్నాక, ఆ పొద్దు మైకులో చదివిన చీటీలోని తల్లి జ్ఞాపకముందా అంది. ఆరేండ్లుగా ఆమెను తన పొద్దుటి ప్రార్థనలో ఒక్క రోజూ విడవలేదట.

"ఆ యమ్మ మనసు మారింటాదంటావా?" అని అడిగింది.

"ఇంకా లేదు మా" అన్నాను.

"అయితే ఇంకా అడుగుతా" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ నాయన వస్తాండాడు" అని ఫోన్ పెట్టేసింది.