బండి కింద నిచ్చెన

అతన్ని అందరూ నిచ్చెన అంటారు. మనిషి పొడుగు కాబట్టి సగం, ఒకప్పుడు నిచ్చెనల మీదే బతికాడు కాబట్టి సగం. గోడలకు రంగులు వేసేవాడు. పై అంతస్తుల పని అనగానే మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఇతను మాత్రం నడుముకు తాడు బిగించి, రంగు డబ్బా కొక్కేనికి తగిలించి, ఈల వేసుకుంటూ ఎక్కిపోయేవాడు. పైన గాలికి చొక్కా ఉబ్బేది. కింద వీధి, మనుషులు, వాళ్ళ తగువులు, అన్నీ గుప్పిట్లో పట్టేంత చిన్నవైపోయేవి. "ఒరేయ్, అన్నం వేళయింది, దిగరా!" అని కేకేస్తే అతనికి దిగబుద్ధయ్యేది కాదు.

ఇప్పుడు అతని ఆకాశం వ్యాను పైకప్పు. తలెత్తితే నెత్తికి తగులుతుంది. మోకాళ్ళు స్టీరింగుకు అటొకటి ఇటొకటి ఇరికించి, మెడ ఒక పక్కకు వంచి, లాండ్రీ నుంచి లాడ్జీలకు ఉతికిన దుప్పట్లు చేరవేస్తుంటాడు. వెనకంతా మడతపెట్టిన తెల్ల దుప్పట్లు. ముందు మడతపెట్టిన ఇతను.

వ్యాను బావది. నడుము దెబ్బతిని బావ మంచం పట్టినప్పుడు, అక్క తాళంచెవి తెచ్చి ఇతని చేతిలో పెట్టింది. "ఆయన లేచేదాకా నడపరా. నాలుగు నెలలు కళ్ళు మూసుకో" అంది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఇంట్లో తిని పెరిగినవాడు. బావ ఏనాడూ పరాయివాడిలా చూడలేదు. అలాంటి మనిషికి కాదని ఎలా చెబుతాడు? కళ్ళు మూసుకున్నాడు. నెలలు ఏళ్ళయ్యాయి. బావ లేచి కిటికీ దాకా వచ్చాడు గానీ కిటికీ దాటి రాలేదు.

ఒక పొద్దున బండిలో ఆ చప్పుడు మొదలైంది.

టక్. టక్. టక్.

ఇంజను లోతుల్లో ఎవరినో గదిలో పెట్టి గడియ వేసినట్టు, ఆ లోపలివాడు అరవకుండా, ఏడవకుండా, వేలి కణుపులతో ఓపిగ్గా తలుపు కొడుతున్నట్టు. సందులో మలుపు తిరుగుతుండగానే అది ఇంటిదాకా వినపడేది. అక్క వచ్చి గేటు తీసి పెట్టేది. "మీ తమ్ముడు ముందే కబురు పంపుతున్నాడే!" అని పక్కింటావిడ నవ్వేది. హారన్ కొట్టే పనే లేకుండా పోయింది.

"ఏంట్రా ఆ చప్పుడు? కొంపదీసి బేరింగు గానీ కొడుతోందా?" అన్నాడు బావ, కిటికీ ఊచలు పట్టుకుని.

"బేరింగైతే ఏమవుతుంది బావా?"

"ఏమవుతుంది, దాని పని అయిపోయినట్టే. ఈ వయసులో దాని ఇంజను విప్పి మళ్ళీ కట్టేదెవరు? పాత ఇనుము కొట్టుకు తోలేయడమే." బావ నవ్వబోయాడు, రాలేదు. "దాంతోపాటు నా డ్రైవరుగిరీ కూడా."

"ఆ మాటలు నోట అనకండి" అంది అక్క లోపల్నించి.

పాత ఇనుము అన్న మాట నిచ్చెన లోపల ఎక్కడో చిన్న దీపంలా వెలిగింది. ఆ వెలుగుకి అతనికే సిగ్గేసింది. ఆర్పుదామని చూశాడు. ఆరలేదు. బండ్లు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి వెళ్ళడం ఇవాళ కాదు రేపు అంటూ జరుపుకుంటూ వచ్చాడు. బండి నడుపుతున్నంతసేపూ ఆ టక్ టక్‌ని, దూరం నుంచి వస్తున్న చుట్టం అడుగుల చప్పుడు విన్నట్టు వినేవాడు. చివరికి అక్కే చెయ్యి పట్టుకుని పంపినంత పనిచేసింది.

మేస్త్రీది రేకుల షెడ్డు. నూనె తాగి తాగి నేల నల్లగా నిగనిగలాడుతుంటుంది. ఇంజన్ల మోతలో పడి మేస్త్రీకి చెవులు మందగించాయి. దాని గురించి ఆయనే జోకులేస్తాడు. "ఇంజను పిలిస్తే ఒక్క చెవే పోతుంది. మా ఆవిడ పిలిస్తే రెండూ పోతాయి!"

బానెట్ ఎత్తి, అరచెయ్యి ఇంజను మీద ఆనించి, కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"నాలుగు సిలిండర్లు. వరసగా ఒక్కోదానికి డీజిలు ఆపుతాను. ఏది ఆపినప్పుడు చప్పుడు తగ్గుతుందో దాని బేరింగు పోయినట్టు. దేనికీ తగ్గలేదనుకో, లోపల రోగం లేదు, బయటెక్కడో ఉంది. నువ్వు కిందికి దూరి, ఈ కమ్మీ ఒక కొస ఇంజనుకి ఆనించి, ఇంకో కొస చెవికి పెట్టుకుని విను."

"విన్నది నీకెలా చెప్పాలి మేస్త్రీ? ఇంత మోతలో నీకేం వినపడుతుంది?"

"నోటితో చెప్పమని ఎవడన్నాడు? నీ కాళ్ళు ఎలాగూ సగం వీధిలో ఉంటాయి. తగ్గితే కుడికాలు ఆడించు. తగ్గకపోతే కదపకు."

నిచ్చెన అట్టముక్క పరుచుకుని బండి కిందికి జరిగాడు. ముక్కుకి జానెడు దూరంలో ఇనుప కడుపు. పక్కకు తిరిగే వీల్లేదు. కమ్మీ చెవికి ఆనించగానే చప్పుడు చెవిలో కాదు, పుర్రెలో మోగింది.

మేస్త్రీ ఒకటోది ఆపాడు. ఇంజను కుంటివాడిలా తూలింది. టక్ టక్ అలాగే ఉంది. కాలు కదపలేదు. రెండోది ఆపాడు. మళ్ళీ తూలింది. టక్ టక్ అలాగే ఉంది. కాలు కదపలేదు.

మూడోది.

టక్ టక్ ఎక్కడికీ పోలేదు. స్పష్టంగా వింటున్నాడు. కానీ ఆ ఇనుము కింద, ఊపిరి తిరిగొచ్చి మొహానికే తగులుతున్న ఆ చోట, అతనికి నడుముకు బిగించిన తాడు గుర్తొచ్చింది. చొక్కాలోకి దూరే గాలి గుర్తొచ్చింది. బేరింగు పోవాలి. ఒక్క బేరింగు.

కాలు ఆడింది.

నోరైతే తడబడేదేమో. కాలికి సిగ్గు లేదు.

"మూడోదా?" మేస్త్రీ గొంతు పైనుంచి వచ్చింది. "ఉండు, ఆ మూడోదే ఇంకోసారి చూద్దాం."

ఇంజను మళ్ళీ తూలింది. కాలు మళ్ళీ ఆడింది, ఈసారి ఇంకాస్త ధీమాగా.

ఇంజను ఆగిపోయింది. చక్రం పక్కన మేస్త్రీ మొహం తలకిందులుగా కనపడింది.

"ఇప్పుడు నేను ఆపింది ఒకటోదిరా."

నిచ్చెన చెవి దగ్గర్నుంచి కమ్మీ తీసేశాడు.

"ఇందాక ఒకటోదానికి కదలని కాలు ఇప్పుడెందుకు కదిలింది?"

"సరిగ్గా వినపడలేదేమో మేస్త్రీ..."

"చెవుడు నాది, నీది కాదు. నా అరచెయ్యి ఇంజను మీదే ఉంది. మూడోదానికి అది అనుమానపడింది, అందుకే మళ్ళీ చూశా." మేస్త్రీ గొంతు తగ్గించాడు. "ఏరా, ఇది చావాలని ఉందా నీకు?"

అన్నేళ్ళలో అతనికి ఏం కావాలని ఎవరూ అడగలేదు. ఇదీ ఆ ప్రశ్న కాదు గానీ దాని పక్కింటిదే. బండి కింద నుంచి బయటికి రాకుండానే, ఇనుముతో చెప్పుకున్నట్టు అన్నాడు. "దిగాలనుంది మేస్త్రీ. దిగి, మళ్ళీ ఎక్కాలనుంది."

"ఆ సంగతి మీ బావకి తెలుసా?"

"లేదు."

"మరి ఆయనకి చెప్పు. నువ్వు చెప్పాల్సింది దీని నెత్తిన రుద్దితే ఎట్లా? ఇదింకా చాలాకాలం తిరుగుతుంది."

నాలుగోదానికీ చప్పుడు తగ్గలేదు. ఫ్యాను బెల్టు తిరిగే పుల్లీ బోల్టు వదులైంది, అంతే. మేస్త్రీ పొడుగు పానా వేసి, పళ్ళు బిగించి రెండు పట్లు పట్టాడు. "ఇదీ నీ బేరింగు" అన్నాడు. ఇంజను వేస్తే మెత్తగా, ఏమీ ఎరగనట్టు తిరిగింది. లోపల తలుపు కొట్టేవాడు లేడు.

తిరుగు దారిలో సిగ్నల్ దగ్గర ఒక కొత్త భవనానికి రంగులు వేస్తున్నారు. అద్దంలోంచి తాడు చివర మాత్రం కనిపించింది, గాలికి ఊగుతూ. పైనున్న మనిషిని చూద్దామని వంగాడు, మెడ తిప్పాడు. వ్యాను కప్పు అడ్డం. వెనకవాళ్ళు హారన్లు మోగించారు.

ఇంటి ముందుకొచ్చేసరికి గేటు మూసి ఉంది. ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. అక్కకు వినడానికి చప్పుడేం మిగిలింది? హారన్ మీద చెయ్యి వేసి, తీసేశాడు. బండి దిగి గేటు దగ్గర నిలబడ్డాడు.

"అక్కా!"

"ఎవరూ?" కిటికీలోంచి బావ. "నువ్వా? బండి చప్పుడే రాలేదేంట్రా!"

"పోయింది బావా. బోల్టు వదులైందంతే. బండికేం కాలేదు."

"హమ్మయ్య!" అని నవ్వాడు బావ. ఈసారి నవ్వు వచ్చింది. నిచ్చెన గేటు ఊచ గట్టిగా పట్టుకున్నాడు.

"బావా, బండి నేను ఇక నడపను. వేరే ఎవరినైనా పెడదాం. నేను నా పనికి పోతాను."

నవ్వు ఆగింది. అక్క తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగున వచ్చి, గడియ మీద చెయ్యి వేసింది.

"వీధిలో నిలబడి ఆ మాటలేంట్రా? ముందు లోపలికి రా, అన్నం తిని మాట్లాడుకుందాం."

"గేటు తియ్యకక్కా" అన్నాడతను. "ఇక్కడే చెప్పనీ. లోపలికొస్తే చెప్పలేను."