షోకేసులోని అసలు డిస్క్

ఆ సాయంత్రం అక్కడ ఉన్నవాళ్ళు: సలీం భాయ్, యాదగిరి, నేను, వెనక బెంచీ మీద తమ వంతు కోసం కాచుకున్న కొందరు కుర్రాళ్ళు. ఉన్న వస్తువులు: ఎనిమిది కంప్యూటర్లు, వాటిలో ఒక్కదానికే మంచి గ్రాఫిక్స్ కార్డు, కౌంటర్ మీద ఖాళీ చాయ్ గ్లాసులు, తాళం వేసే చిన్న గాజు షోకేసు, అందులో ఒక కార్ల పందెం ఆట డబ్బా, ప్రింటర్‌లోంచి అప్పుడే తీసిన కాగితం ఒకటి. ఇవి కాక ఇంకొకటి కూడా ఉంది. అది నా నోట్లోనే ఉండిపోయింది. ఆరేళ్ళుగా ఉంది.

రోజూ నలిపేసే బరువు కాదది. నేను బాగానే తింటాను, నిద్రపోతాను, ఉద్యోగం చేస్తాను. కానీ కొత్త ఆట కొని డబ్బా తెరిచి, ఆట ఎక్కించేటప్పుడు అడిగే రహస్య అక్షరాల వరస, అదే కీ, అచ్చేసిన కాగితం చూసినప్పుడల్లా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలిక. అయినా తొందరపడను. వరసగా చెప్పడం నా అలవాటు.

చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల సందులో, ఒక దుకాణం పైన, మొదటి అంతస్తులో సలీం భాయ్ కంప్యూటర్ సెంటర్ ఉండేది. పగలంతా దరఖాస్తులు, పరీక్షల ఫలితాలు, దుబాయ్‌లో ఉన్న భర్తలతో మాట్లాడుకునే ఆడవాళ్ళు. సాయంత్రమైతే ఆటలు. అప్పుడు నాది పాలిటెక్నిక్ చివరి సంవత్సరం. మా నాన్న గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన ప్రభుత్వ గుమాస్తా. సెంటర్‌లో ఏది పాడైనా నేనే బాగుచేసేవాణ్ణి. అందుకు భాయ్ నన్ను ఊరికే ఆడుకోనిచ్చేవాడు, ఇంజినీర్ అని పిలిచేవాడు. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ముందు ముందు దాని అవసరం వస్తుంది.

యాదగిరిది ధూల్‌పేట్. తరతరాలుగా పాల వ్యాపారం. పొద్దున్నే ఇళ్ళకు పాలు పోసి, స్నానం చేసి వచ్చి కౌంటర్ తెరిచేవాడు. నాకంటే మూడేళ్ళు పెద్ద. చదువు పదో తరగతితో ఆగింది గానీ, కంప్యూటర్ విప్పడం ఒకసారి చూస్తే రెండోసారి తనే విప్పేవాడు. ఉస్మాన్‌గంజ్‌లో రెండో సెంటర్ పెడతానని, దాన్ని యాదగిరి చేతుల్లో పెడతానని భాయ్ మాటిచ్చాడు. ఇద్దరూ వెళ్ళి గది కూడా చూసి వచ్చారు. ఆ గదిలో టేబుళ్ళు ఎక్కడెక్కడ వస్తాయో, ఫ్యాను ఏ మూల పెట్టాలో, యాదగిరి సెంటర్ నేల మీద చాక్‌పీసుతో గీసి నాకు చూపించాడు. చాలాసేపు చూపించాడు. పాల క్యాన్ల నుంచి బయటపడటానికి అతనికి కనిపించిన దారి ఆ గది ఒక్కటే.

ఇక డిస్క్ సంగతి. అప్పట్లో ఏ సెంటర్‌లో చూసినా కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న కాపీ సీడీలే. భాయ్ దగ్గరా మొదట అవే ఉండేవి. వాళ్ళ నాన్నగారు హజ్‌కి వెళ్ళొచ్చాక, ఇంట్లో ఉడికే అన్నం ఏ సంపాదనదని కొడుకుని అడగడం మొదలుపెట్టారట. భాయ్ కాపీలన్నీ తీయించేశాడు. ఊరికే దొరికే చిన్న ఆటలు మాత్రం ఉంచి, ఎన్నాళ్ళో కూడబెట్టి ఒక అసలు ఆట కొన్నాడు. కుర్రాళ్ళు దానికి హలాల్ డిస్క్ అని పేరు పెట్టారు. భాయ్ కూడా నవ్వి అదే పేరుతో పిలిచేవాడు. డబ్బా షోకేసులో, షోకేసుకు తాళం. లోపల కీ ఉన్న కాగితం మీద కరెంటు పనికి వాడే నల్ల టేపు అతికించి ఉండేది. ఆట మళ్ళీ ఎక్కించాల్సి వచ్చినప్పుడు ఆ టేపు పీకే హక్కు ఇద్దరికే. యాదగిరికి, నాకు.

ఆట మాత్రం దరిద్రంగా ఉండేది. టీవీకి తగిలించి ఆడే పెట్టె కోసం చేసినదాన్ని అలాగే ఎత్తుకొచ్చి కంప్యూటర్లో పడేశారు. మా కీబోర్డు మీద లేని మీటలు నొక్కమని తెర మీద రాసేది. మెనూలో మౌసు పనిచేసేది కాదు. ప్రతి మలుపులోనూ కారు ఎక్కిళ్ళు పెట్టి ఆగేది. గెలిచిన పందెం భద్రం చేసుకుందామంటే ఆట మూసుకుపోయేది. ఫిర్యాదులు పెరిగాక కంపెనీ తన వెబ్‌సైట్‌లో ఒక మాట పెట్టింది: ఈ ఇబ్బందులు ఎక్కువగా దొంగ కాపీలు వాడేవాళ్ళకే వస్తున్నాయని. మేము భగ్గుమన్నాం. ఎందుకంటే పక్క సందులోని సెంటర్‌లో దొంగ కాపీ మా దానికంటే నున్నగా నడిచేది. ఆట రక్షణను పగలగొట్టి దొంగ కాపీ తీసినవాళ్ళు, డిస్క్ ఉందా లేదా అని మాటిమాటికీ చూసే తంతును పీకేశారు మరి.

"పైసలు పెట్టి కొన్నోని కారు ఆగుతది, దొంగిలించినోని కారు ఉరుకుతది. ఇదేం లెక్క ఇంజినీర్?" అన్నాడు యాదగిరి.

ఆ కోపం సరైనదే. ఇప్పటికీ అంటాను. సగం వండిన ఆటను పూర్తి ధరకు అమ్మి, ఉడకలేదేమని అడిగినవాణ్ణి దొంగవా అని అడిగే కంపెనీ మీద నాకు ఈ రోజుకీ గౌరవం లేదు. ఈ ఒప్పుకోలులో ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు.

కారు ఎందుకు ఆగుతుందో నేను కనిపెట్టాను. ఆట తన సెట్టింగులన్నీ ఒక ఫైల్లో రాసుకునేది. ఆ టీవీ ఆటల పెట్టెలో ఎంత మెమరీ ఉంటుందో అంతే మన దగ్గరా ఉందనుకుని, అందులో ఒక అంకె బిగించేసి పెట్టారు. ఆ అంకె, దాని పక్కవి ఒకటి రెండు మార్చాను. కారు దూసుకుపోయింది. భాయ్ నా వీపు మీద చరిచాడు. కుర్రాళ్ళు నన్ను కుర్చీతో సహా పైకెత్తారు. నేను ఆ ఫైల్‌ను, ఆటగాళ్ళు మాట్లాడుకునే ఒక ఇంటర్నెట్ వేదికలో అందరి కోసం పెట్టాను. ఎక్కడెక్కడి వాళ్ళో మెచ్చుకుంటూ రాశారు. కంపెనీ చేయలేనిది పాతబస్తీ కుర్రాడు చేశాడన్నమాట. మొదటి వారం ఆ మాటలు రోజూ వెళ్ళి చదువుకున్నాను.

కొన్నాళ్ళకు ఆట మొరాయించింది. ఇంటర్నెట్‌లో బయటివాళ్ళతో ఆడే పందెంలో చేరబోతే, ఈ కీ రద్దయిందని తెర మీద పడింది. భాయ్ పేరు మీద కంపెనీకి ఇంగ్లీషులో నేనే ఉత్తరం రాశాను. గట్టిగా రాశాను. మేము కొన్నవాళ్ళం, మీరు మమ్మల్ని అవమానిస్తున్నారు అని. అప్పటికి నేను నిజమే రాస్తున్నాననుకున్నాను.

మర్నాడు కాలేజీ ల్యాబులో ఆ వేదిక తెరిచాను. నా ఫైల్ కింద ఎవరో రాశారు: చాలా థ్యాంక్స్, నీ ఫైల్ వేసుకున్నాక నా కాపీ డిస్క్ కూడా ఇంటర్నెట్ పందేల్లోకి వెళ్తోంది.

ఫైల్ తెరిచాను. నేను మార్చిన అంకెలు పైనే ఉన్నాయి. కిందికి జరిపాను. ఖాళీ వరసలు. ఇంకా కిందికి జరిపాను. అట్టడుగున, ఒక్క వరసలో, మా కీ. ఆట దాన్ని కూడా అదే ఫైల్లో రాసుకుందని నాకు తెలియదు. తెలుసుకోవడానికి చేయాల్సిందల్లా చివరిదాకా చూడటమే. ఏ పనైనా వరసగా, పూర్తిగా చేస్తానని పేరున్న నేను, గెలిచిన సంబరంలో చివరిదాకా చూడలేదు. నా ఫైల్ వేసుకున్న ప్రతి ఒక్కరూ సలీం భాయ్ కీ మీద ఆడుతున్నారు.

ఇక్కడి వరకు పొరపాటు. దీన్ని తప్పు అనను. తప్పు ఇకనుంచి మొదలవుతుంది.

ఆ వరస తీసేసి, అదే పేరుతో కొత్త ఫైల్ పెట్టాను. పాతది చెరిపేశాను. ఎవరికీ చెప్పలేదు. భాయ్‌కి చెప్పడానికి ఆ రాత్రంతా ఉంది, మర్నాడు పగలంతా ఉంది. చెబుదామనే అనుకున్నాను. సాయంత్రం సెంటర్‌కి వెళ్ళేసరికి కంపెనీ జవాబు వచ్చి ఉంది.

భాయ్ ఆ కాగితం నా చేతికిచ్చి చదవమన్నాడు. ఈ కీ చాలా కంప్యూటర్లలో కనిపించింది, పైరేట్లకు మేము సహాయం చేయము, అని ఉంది.

"పైరేట్ అంటే?" అడిగాడు భాయ్.

"దొంగ అని, భాయ్."

"వాళ్ళే దొంగలు భాయ్! సగం ఆట అమ్మి మనల్నంటరా?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

"చుప్." భాయ్ కళ్ళు నా మీదే ఉన్నాయి. "కీ ఎవరెవరికి తెలుసు?"

"ఇద్దరికే భాయ్. నాకు, యాదగిరికి."

గమనించండి. అందులో ఒక్క అబద్ధపు అక్షరం లేదు.

యాదగిరి నవ్వాడు. "అరె, నేనేం జేసుకుంట భాయ్ ఆ కీని? పాలల్ల కలుపుకుంటనా?"

కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. భాయ్ నవ్వలేదు. "నీ చిన్నాయన కొడుకు ధూల్‌పేట్ల సీడీల దుకాణం పెట్టిండు గదా?"

"పెట్టిండు. గని వానికి దీనికి ఏం సంబంధం భాయ్?" యాదగిరి నా వైపు తిరిగాడు. "ఇంజినీర్, నువ్వు చెప్పు. అసలు కీ బయటికెట్ల పోతది?"

ఆ ప్రశ్నకు ఆ గదిలో జవాబు తెలిసింది నాకే. ఎంత సూటిగా అడిగాడు! నేను మానిటర్ వైపు చూస్తూ, "ఎవరో కాగితం చూసి రాసుకుంటేనే," అన్నాను.

యాదగిరి నేను ఊహించని పని చేశాడు. నన్ను నమ్మాడు.

"పోయిన నెల మల్ల ఎక్కించినప్పుడు, టేప్ పీకి డబ్బా గిక్కడనే పెట్టి చాయ్‌కి పోయిన భాయ్," అన్నాడు మెల్లగా. "గప్పుడు ఎవడన్న చూసిండేమో. నా గలతీనే ఉండొచ్చు."

భాయ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. షోకేసు తెరిచి, డబ్బా తీసి, కౌంటర్ కింద పాత వైర్ల మధ్య పడేశాడు. "రేపటి సంది రాకు," అన్నాడు. యాదగిరి గ్లాసులు తీసి కడిగి, బోర్లించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వారం తిరక్కముందే కోఠి కాపీలు వచ్చేశాయి. ఎట్లాగూ దొంగ అన్నారు కదా అన్నాడు భాయ్. ఉస్మాన్‌గంజ్ గదిని ఎవరో ఎండుమిర్చి గోదాముకు తీసుకున్నారు.

ఎందుకు చెప్పలేదు? దెబ్బలకు భయపడి కాదు, భాయ్ చెయ్యెత్తే మనిషి కాదు. ఇంజినీర్ అన్న పిలుపు పోతుందనా? అది కొంత. కానీ అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం వేరు, అది చాలా గొప్పగా ఉండేది: నేను నోరు విప్పితే కంపెనీ గెలుస్తుంది, మమ్మల్ని దొంగలన్న మాట నిజమైపోతుంది, కొన్న ప్రతివాడి తరఫునా నేను ఓడిపోతాను. అందుకని ఊరుకోవడమే పోరాటం అనుకున్నాను. ఎంత అనుకూలమైన పోరాటం! కంపెనీ అందరి విషయంలోనూ అబద్ధమాడింది, ఒక్క మా కీ విషయంలో తప్ప. ఆ ఒక్క నిజాన్ని వాళ్ళ అబద్ధాల గుట్ట కింద దాచేశాను. నా మీద పడాల్సిన అనుమానం మాత్రం యాదగిరి మీద పడింది.

పోయిన నెల అఫ్జల్‌గంజ్ దగ్గర అతను కనిపించాడు. పాల క్యాన్ల ఆటో, పక్కన భార్య. నన్ను చూసి ఆటో పక్కకు ఆపి మరీ దిగాడు. భార్యకు పరిచయం చేశాడు: "నేను టేప్ మర్చిపోయి మా భాయ్ ఇజ్జత్ తీసిన అని చెప్తుంట గదా, గప్పుడు కంపెనోళ్ళకు ఇంగ్లీష్ల మస్తు పెట్టింది ఈ సారే." ఆమె నమస్కారం పెట్టింది. నా ముందు ఆరేళ్ళ కిందటి ప్రశ్నే నిలబడింది. ఈసారి అడిగేవాళ్ళు కూడా లేరు. నేను నవ్వి, బస్సు వస్తోందని చెప్పి వచ్చేశాను.

కాబట్టి తప్పులు రెండు. మొదటిదానికి భయపడే వయసు ఉంది. రెండోదానికి అది కూడా లేదు.

ఇప్పుడు నా ఉద్యోగం ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో లోపాలు పట్టడం. నాకు మంచి పేరుంది. ప్రతి ఫైలూ చివరిదాకా చూస్తాడంటారు. ఎందుకు చూస్తానో వాళ్ళకు తెలియదు. మీకు తెలుసు. ఇది చదివి యాదగిరికి గది తిరిగి రాదు, టేపు మరిచానన్న అతని నమ్మకమూ పోదు. అతనికి నేను చెబుతానో లేదో మాట ఇవ్వలేను. అబద్ధపు మాట ఇవ్వడం ఇక వద్దు. కానీ కీ బయటికి ఎలా పోయిందని అతను అడిగినదానికి సరైన జవాబు ఇవాళ మొదటిసారి కాగితం మీద ఉంది. నోరు కొంచెం తేలికైంది.

ఒక్క వివరం మిగిలింది. కాలేజీ ల్యాబులో పాత ఫైల్ చెరిపే ముందు, దాన్ని ఎంతమంది దించుకున్నారో చూపే అంకె పక్కనే ఉంది. చూశాను.

437.